మందుల కొట్టు పాలరాయి

రెయినేరియో కారు మూడోసారి వెనక్కి వచ్చింది. అదీ తన కాళ్ళ మీద రాలేదు, చెరకు ట్రాక్టరు వెనక తాడు కట్టించుకుని వచ్చింది. సగువా లా గ్రాందే ఊరి చివర, నది వైపు దిగే వీధిలో ఉన్న ఎవారిస్తో షెడ్డు ముందు దాన్ని వదిలేసి ట్రాక్టరు వాడు తన దారిన పోయాడు. రెయినేరియో దిగి బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అతను టాక్సీ తోలి ఇల్లు నడుపుకునే మనిషి. కారు పడుకుంటే ఆ ఇంట్లో పొయ్యి కూడా సగమే వెలుగుతుంది. అయినా తిట్టలేదు. తిట్టి ఉంటే ఎవారిస్తోకి కాస్త తేలిగ్గా ఉండేది.

"మేస్త్రీ, మళ్ళీ నీళ్ళు తాగుతోంది," అని మాత్రం అన్నాడు.

పంతొమ్మిదివందల యాభై రెండు నాటి కారు అది. ఎవారిస్తో ఆ చలికాలమంతా దాని ఇంజను విప్పి, ముక్క ముక్కా కడిగి, పిస్టన్లకు కొత్త రింగులు వేసి, బేరింగులు మార్చి, మళ్ళీ బిగించాడు. అంతా బాగానే కుదిరింది, ఒక్క హెడ్ గాస్కెట్ తప్ప. ఇంజను దిమ్మకీ, పైన మూతలా కూర్చునే హెడ్డుకీ మధ్య ఉండే పల్చటి రేకు అది. నిప్పు ఉండాల్సిన చోట నిప్పుని, నీళ్ళు ఉండాల్సిన చోట నీళ్ళని వేరువేరుగా ఆపడం దాని పని. అది ఎక్కడైనా సరిగ్గా అదిమి పట్టలేదంటే నీళ్ళు సిలిండర్‌లోకి దిగుతాయి, తెల్లటి ఆవిరి పొగగొట్టంలోంచి పోతుంది, రేడియేటర్లో బుడగలు లేస్తాయి, కారు దారిలో కూలబడుతుంది. మూడు గాస్కెట్లు వేశాడు. మూడూ కారాయి. అందులోనూ ప్రతిసారీ ఒకే చోట, ఆ చివర మొదటి సిలిండర్ దగ్గరా ఈ చివర ఆరో సిలిండర్ దగ్గరా కారాయి.

"రేపటికి చూస్తాను," అన్నాడు ఎవారిస్తో. ఆ మాట చెబుతున్నప్పుడు అతను రెయినేరియో మొహంలోకి చూడలేదు. ఒకే చోట కారడం అతనికి కొత్త కాదు. ఆరేళ్ళ కిందట కూడా ఇలాగే మొదటిదీ ఆరోదీ కారేవి. అప్పుడు తప్పెవరిదో తేల్చేశాడు, పదిమందిలో నిలబెట్టి చెప్పేశాడు కూడా. ఇప్పుడు ఆ మనిషి షెడ్డులో లేడు. మూడుసార్లూ బోల్టులు బిగించింది ఎవారిస్తోనే.

ఎవారిస్తోకి అరవై ఆరేళ్ళు. తండ్రి చెరకు నరికేవాడు. కొడుకుని పొలంలోకి దింపడం ఇష్టం లేక, పన్నెండో ఏట ఊళ్ళోని ఇనప పోత కార్ఖానాలో పెట్టాడు. అక్కడ క్రెసెన్సియో అనే ముసలి ఫిట్టరు చేతికింద ఎవారిస్తో పని నేర్చుకున్నాడు. క్రెసెన్సియో నోరు మంచిది కాదు గాని చెయ్యి మంచిది. అరవైల్లో ఊళ్ళో ప్రైవేటు మందుల కొట్టు మూతపడ్డప్పుడు, దాని కౌంటరు మీది పాలరాతి పలకని నలుగురి చేత మోయించి తన పెరట్లో పెట్టుకున్నాడు ఆయన. మందుల పొట్లాలు కట్టిన ఆ రాయి అద్దంలా చదునుగా ఉండేది. వేడికి వంగిపోయిన ఇంజను హెడ్డుని దాని మీద బోర్లించి, గరుకైన వాల్వు పేస్టూ కిరసనాయిలూ కలిపి రాసి, ఎనిమిది అంకె గీసినట్టు తిప్పి తిప్పి రుద్దితే హెడ్డు మొహం చదునైపోయేది. అమెరికా నుంచి విడిభాగాలు రావడం ఆగిపోయిన దేశంలో, ఇనుముని చెక్కి చదును చేసే మిల్లింగు మిషను ఉన్న చోటుకి పోవాలంటే చెరకు మిల్లుల వాళ్ళని బతిమాలుకోవాల్సిన రోజుల్లో, ఆ రాయి బంగారం కన్నా ఎక్కువ.

క్రెసెన్సియో పోతూ పోతూ ఆ రాయిని ఎవారిస్తోకి ఇచ్చాడు. అప్పటినుంచి ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎవారిస్తో దాని మీద ఎన్ని హెడ్లు రుద్దాడో లెక్క లేదు. ఊళ్ళో ఉన్న ప్రతి పాత కారూ ఒక్కసారైనా దాని మీద మొహం రుద్దుకున్నదే. రుద్దడం అయ్యాక పరీక్ష కూడా దాని మీదే. రాయి మీద దీపపు మసి పల్చగా పూసి, హెడ్డుని బోర్లించి ఒక్కసారి కదిపి తీస్తే, మొహమంతా నల్లగా అంటుకోవాలి. ఎక్కడ అంటకపోతే అక్కడ పల్లం. ఎవారిస్తో రుద్దిన హెడ్డుకి చివరినుంచి చివరిదాకా మసి అంటుకునేది. అది చూపించడానికి గిరాకీలని పిలిచేవాడు. ఆ నల్లటి మొహం చూసి మేస్త్రీ అనని వాడు ఊళ్ళో లేడు. పొగరు అనండి, ఇంకేమైనా అనండి, అది అతనికి అన్నం కన్నా ఎక్కువ రుచి.

బోల్టులు బిగించే పని మాత్రం నివార్దోది. నివార్దో ఎవారిస్తో భార్య దిగ్నాకి తమ్ముడు. ఇరవై రెండేళ్ళు ఆ షెడ్డులో పనిచేశాడు. బిగువు కొలిచే పానా ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. అందుకని మామూలు పానాకి మీటరు పొడుగు గొట్టం తగిలించి, ఆ గొట్టం కొసకి చేపలమ్మే వాళ్ళ స్ప్రింగు కాటా కొక్కెం వేసి, దాన్ని పట్టుకుని లాగేవాడు. కాటా ముల్లు ఎర్ర గీత దగ్గరకి వచ్చేసరికి ఆపాలి. మధ్య బోల్టుతో మొదలుపెట్టి చివరలకి పోతూ మూడు విడతలు. ముల్లు గీత దాటకుండా, గీతకి తగ్గకుండా ఆపడంలో నివార్దో చేతిని మించిన చెయ్యి లేదని ఒకప్పుడు ఎవారిస్తోనే అనేవాడు. నివార్దోకి సాయంత్రమైతే రమ్ము కావాలి. పగలు ముట్టుకునేవాడు కాదు. కాని రమ్ము తాగేవాడు తాగేవాడే, ఊరికి పగలూ సాయంత్రమూ తేడా ఏముంది.

గాస్కెట్లు కారడం మొదలైంది తొంభై ఏడులో. అదివరకు వాడే మందపాటి ఆస్బెస్టాస్ రేకులు అయిపోయాయి, పల్చటి రాగి రేకు కత్తిరించి వాడటం మొదలుపెట్టారు. ఒక కారు వచ్చింది, తర్వాత ఇంకొకటి వచ్చింది. మూడోది వచ్చినరోజు దాని యజమాని పార్కు దగ్గర టాక్సీల అడ్డాలో నిలబడి పెద్దగా గొడవ చేశాడు. ఎవారిస్తో అక్కడికి వెళ్ళాడు, వెంట నివార్దో కూడా వెళ్ళాడు. పదిహేనుమంది డ్రైవర్లు డామినో ఆట ఆపి చూస్తున్నారు. తన పేరు అలా నడివీధిలో నలుగుతుంటే ఎవారిస్తో తట్టుకోలేకపోయాడు. బావమరిది చెయ్యి పట్టుకుని అందరికీ కనపడేలా పైకెత్తాడు.

"హెడ్డు నేను రుద్దాను. రాయి తప్పు చెప్పదు. చూడండి ఈ చెయ్యి, రమ్ముతో ఎలా వణుకుతోందో. ఒరేయ్, నీకు గీత కూడా కనపడటం లేదురా."

చెయ్యి అప్పుడు నిజంగానే వణికింది. పదిహేనుమంది కళ్ళముందు పట్టుకుని ఎత్తితే ఎవరి చెయ్యైనా వణుకుతుంది. నివార్దో చెయ్యి విడిపించుకుని ఇంటికి పోయాడు. ఆ మర్నాడు షెడ్డుకి రాలేదు. వేరే షెడ్డుల్లో అడిగితే, మేస్త్రీ వద్దన్న చెయ్యి మాకెందుకన్నారు. ఆర్నెల్లు ఖాళీగా తిరిగి, చివరికి పాలీక్లినిక్ ముందు సైకిళ్ళ కాపలా పనికి కుదిరాడు. రేకు బిళ్ళల మీద నంబర్లు రాసి, ఒకటి సైకిలుకి తగిలించి ఒకటి మనిషికి ఇస్తాడు. ఇరవై రెండేళ్ళు ఇంజన్లు బిగించిన మనిషి.

నివార్దో పని మానేసి వెళ్ళాక కూడా కొన్ని గాస్కెట్లు కారాయి. కొన్ని నిలిచాయి, ఎందుకంటే ఎవారిస్తో కాటా లేకుండానే బలమంతా వేసి బిగించేవాడు. కారిన వాటికి కారణాలు దొరికేవి. డ్రైవరు నీళ్ళు చూసుకోకుండా తోలాడు, రాగి మంచిది కాదు, బోల్టు సాగింది. కావాలనుకున్నవాడికి కారణాలకి కరువేముంది. దిగ్నా మాత్రం ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. ఆదివారం ఆదివారం నల్ల బీన్సూ అన్నమూ గిన్నెలో సర్దుకుని తమ్ముడి దగ్గరకి వెళ్ళి వచ్చేది. ఎలా ఉన్నాడని ఎవారిస్తో అడిగేవాడు కాదు, ఆవిడ చెప్పేదీ కాదు. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా నివార్దో పేరు లేదు.

ఇప్పుడు రెయినేరియో కారు.

మర్నాడు పొద్దున్నే ఎవారిస్తో పని మొదలుపెట్టాడు. మొదట ఇంజనుని అలాగే ఉంచి, స్పార్క్ ప్లగ్గు తీసి, మొదటి సిలిండర్లోకి టైరు పంపుతో గాలి కొట్టాడు. రేడియేటర్ మూతి దగ్గర చెవి పెడితే గుడగుడ వినపడింది. రెండో దాంట్లో కొట్టాడు, చప్పుడు లేదు. మూడు, నాలుగు, అయిదు, ఏమీ లేదు. ఆరోదానికి మళ్ళీ గుడగుడ. ప్లగ్గులు చూశాడు. మధ్యవి నాలుగూ గోధుమరంగులో ఉన్నాయి, చివరివి రెండూ ఆవిరికి కడిగినట్టు తెల్లగా ఉన్నాయి. హెడ్డు విప్పాడు. బోల్టులన్నీ వరసగా నిలబెట్టి కొత్త బోల్టుతో పొడుగు సరిచూశాడు. ఒక్కటీ సాగలేదు. బోల్టు దిగే గుంటల్లో నీళ్ళో నూనో నిలిచి ఉంటే బోల్టు అడుక్కి దిగక బిగిసినట్టు భ్రమ పెడుతుంది. గుడ్డ చుట్టిన పుల్లతో ఒక్కొక్క గుంటా తుడిచాడు. పొడిగా ఉన్నాయి. తీసిన గాస్కెట్టుని ఎండకి పట్టి చూశాడు. మధ్యలో రాగి గట్టిగా నలిగి మెరుస్తోంది. చివరల్లో నలిగిన జాడే లేదు, వేసిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది.

హెడ్డుని రాయి మీద మసితో చూశాడు. చివరినుంచి చివరిదాకా నల్లగా అంటింది. అంటే హెడ్డు బాగుంది. ఇక మిగిలింది ఇంజను దిమ్మ. హెడ్డు మొహానికి మసి పూసి దిమ్మ మీద పెట్టి తీశాడు. దిమ్మకి మధ్యలో మాత్రమే మసి అంటింది, రెండు చివరలూ శుభ్రంగా ఉన్నాయి. యాభై ఏళ్ళ దిమ్మ, మధ్యలో ఉబ్బిందన్నమాట. ఎవారిస్తోకి ప్రాణం లేచి వచ్చింది. తప్పు తనది కాదు. పెద్ద ఆకురాయి తీసుకుని దిమ్మ మధ్యని అరగదీయడానికి సిద్ధమయ్యాడు. అది ఒకసారి అరగదీస్తే తిరిగి రాదు. రెయినేరియోకి ఇంకో దిమ్మ దొరకాలంటే ఇంకో జన్మ ఎత్తాలి.

అతను జాగ్రత్త మనిషే. ఆకురాయి పెట్టే ముందు ఇంకోసారి రూఢి చేసుకుందామని, మూలన పడి ఉన్న రెండో హెడ్డు బయటకి తీశాడు. పాడైన ఇంకో కారుదది, అదే రకం. కిందటి నెల దాన్ని కూడా ఈ రాయి మీదే రుద్ది ఉంచాడు. దానికీ మసి పూసి దిమ్మ మీద పెట్టి తీశాడు. మళ్ళీ మధ్యలోనే అంటింది. ఇక అనుమానం లేదనుకున్నాడు. రెండో హెడ్డుని గొలుసు కప్పీతో లేపి, మొహం గీసుకుపోకుండా, బల్ల మీద వెల్లకిలా ఉన్న మొదటి హెడ్డు మీద మొహానికి మొహం ఆనేలా దించాడు. గొలుసు విప్పి, అది జారకుండా ఒక చివర చెయ్యి వేశాడు.

పై హెడ్డు ఊగింది.

చెయ్యి తీశాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఊగింది, చిన్నగా, టక్‌మని. ఇటు నొక్కితే అటు లేస్తోంది, అటు నొక్కితే ఇటు లేస్తోంది. రాయి మీద రుద్ది, మసితో పరీక్షించి, చివరినుంచి చివరిదాకా నల్లగా అంటిన రెండు మొహాలు ఒకదానిమీద ఒకటి కుదురుగా కూర్చోవడం లేదు. గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి చివర సందులో పెట్టాడు. దూరింది. దాని మీద ఇంకో బ్లేడు పెట్టాడు. రెండూ దూరాయి.

అతను ఆ బ్లేళ్ళని అలాగే సందులో వదిలేశాడు. తర్వాత చేపలు పట్టే తీగ తీసుకుని పెరట్లోకి పోయి, పాలరాయి మీద ఈ చివరనుంచి ఆ చివరకి బిర్రుగా లాగి కట్టాడు. చివరల్లో తీగ రాయికి ఆనింది. మధ్యలో తీగ కిందనుంచి బ్లేళ్ళు ఒకటి, రెండు, మూడు పెట్టాడు. ఇంకా సందుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇనుము రుద్ది రుద్ది, రాయి మధ్యలో పళ్ళెంలా అరిగిపోయింది. ఆ పళ్ళెంలో రుద్దిన ప్రతి హెడ్డూ పొట్ట ఉబ్బి, చివరలు వంగి తయారైంది. ఆ పళ్ళెంలోనే మసితో పరీక్షిస్తే పల్లానికి పొట్ట అతుక్కుని అంతా నల్లగా కనపడింది. మందపాటి గాస్కెట్లున్నన్నాళ్ళూ ఆ తేడాని అవి మింగేశాయి. పల్చటి రాగి మింగలేకపోయింది. దిమ్మ బాగుంది. బోల్టులు బాగున్నాయి. బిగించిన చెయ్యి కూడా బాగుంది.

ఎవారిస్తో తీగ విప్పి చుట్టి పక్కన పెట్టాడు.

దిగ్నా వెనక గుమ్మంలో కూర్చుని రేషను బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎవారిస్తో వచ్చి ఆవిడ ముందు నిలబడి, రాయి అరిగిపోయిందని చెప్పాడు. మొదట ఆవిడకి అర్థం కాలేదు. రాయి అరిగితే అరిగింది, ఆ మొహమేమిటి అంది. అప్పుడు అంతా వివరంగా చెప్పాడు, హెడ్లు ఊగడం, బ్లేళ్ళు దూరడం, మొదటిదీ ఆరోదీ. చివరికి నివార్దో పేరు కూడా చెప్పాడు. ఆ పేరు అతని నోట్లోంచి రావడం ఆరేళ్ళలో అదే మొదలు. ఆవిడ వేళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ బియ్యంలో తిరగడం మొదలుపెట్టాయి.

"నాకెందుకయ్యా చెప్తావు?" అంది తలెత్తకుండా. "ఆరోజు తిట్టింది నన్నా? ఎక్కడ తిట్టావో అక్కడికి పోయి చెప్పు."

అతను వెళ్ళాడు. అది మెచ్చుకోవాల్సిన విషయం, ఎందుకంటే అతని చోట ఇంకొకరుంటే వెళ్ళేవాళ్ళు కారు. రాయి సంగతి బయటపడితే తన పేరు మట్టిలో కలుస్తుందని అతనికి తెలుసు. ఊళ్ళో తిరిగే కార్లలో సగం వాటి తలల మీద తన తప్పు ఉంది. అయినా చొక్కా మార్చుకుని పార్కు దగ్గరి అడ్డాకి నడిచాడు. ఆ పది నిమిషాల నడక గురించి తర్వాత ఎవరైనా అడిగితే, ఆ రోజు ఎండ ఎక్కువగా ఉందని మాత్రమే చెప్పేవాడు.

డామినో బల్ల చుట్టూ మనుషులు చాలావరకు పాతవాళ్ళే. మేస్త్రీ వచ్చాడని కుర్చీ వేశారు. అతను కూర్చోలేదు. ఆరేళ్ళ కిందట ఇక్కడ తను అన్న మాట తప్పని, గాస్కెట్లు కారింది తన రాయి వల్లనని, నివార్దో చేతిలో ఏ లోపమూ లేదని చెప్పాడు. రెండు హెడ్లు ఎలా ఊగాయో చేతులు పెట్టి చూపించాడు. వాళ్ళు వింటూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అందరికంటే పెద్దవాడు, లావుపాటి లాదిస్లావ్, చేతిలో డామినో బిళ్ళ బల్ల మీద బోర్లించాడు.

"మీ మనసు వెన్న మేస్త్రీ," అన్నాడు. "బావమరిదన్నాక ఆ మాత్రం కాచుకోవాలి. మాకు అర్థమైందిలెండి."

"కాచుకోవడం కాదు. తప్పు నాదంటున్నాను."

"అలాగే. మీదే. పాలరాయి అరిగింది. ఇనుముతో రుద్దితే రాయి అరిగింది, ఇనుము అరగలేదు." లాదిస్లావ్ నవ్వలేదు. ఎవారిస్తో భుజం మీద చెయ్యి వేసి మెల్లగా తట్టాడు. "ఇంట్లో అమ్మగారు బాధపడుతున్నారేమో. వెళ్ళండి, వెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

ఎవారిస్తో గొంతు పెంచాడు. కావాలంటే షెడ్డుకి వచ్చి చూడమన్నాడు. ఎవరూ కదలలేదు. ముసలాయన భార్య కోసం, చుట్టరికం కోసం తన పేరు తనే పాడుచేసుకుంటున్నాడని అందరికీ జాలి కలిగింది. అతను వెనక్కి తిరిగి నడుస్తుంటే, అలాంటి మనుషులు ఈ రోజుల్లో లేరని ఎవరో అంటున్న మాట వినపడింది. తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళినవాడు, వెళ్ళినప్పటి కన్నా పెద్దమనిషై తిరిగి వచ్చాడు. నివార్దో మాత్రం ఉన్నచోటే ఉన్నాడు, వణికే చేతులవాడుగానే ఉన్నాడు. ఎవారిస్తోకి ఆ నడకలో తన మీద తనకి పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

మర్నాడు మధ్యాహ్నం నివార్దోనే షెడ్డుకి వచ్చాడు. అడ్డా మాట సైకిళ్ళ దగ్గరకి చేరడానికి ఎంతసేపు. ఆరేళ్ళలో అతను బాగా చిక్కిపోయాడు, జుట్టు నెరిసిపోయింది. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. జేబులో రేకు బిళ్ళలు గలగలమంటున్నాయి. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"బావా, నా కోసం అబద్ధాలు చెప్పుకుంటూ తిరగొద్దు," అన్నాడు. గొంతులో కోపం ఉంది, అంతకంటే ఎక్కువ అవమానం ఉంది. "అక్క ఏడ్చిందా? అక్కకి నేను చెప్పుకుంటాను. పోయిన పరువు నువ్వు ముష్టి వేస్తే నాకొద్దు."

"ముష్టి కాదురా. లోపలికి రా."

"నాకు పనుంది."

"ఒక్క నిమిషం రా. వచ్చి చెయ్యి వేసి చూడు. తర్వాత నీ ఇష్టం."

నివార్దో వచ్చాడు. రెండు హెడ్లూ బల్ల మీద ఒకదానిమీద ఒకటి అలాగే ఉన్నాయి. ఎవారిస్తో వాటిని కదపలేదు, కదిపితే మళ్ళీ ఊగవేమోనని భయపడ్డాడు కాబోలు. నివార్దో చివర అరచెయ్యి వేసి నొక్కాడు. టక్‌మంది. ఇంకోవైపు నొక్కాడు. టక్‌మంది. వంగి సందులోంచి వెలుతురు చూశాడు. బ్లేళ్ళు తీసి తనే పెట్టి చూశాడు. పనివాడికి మాటలక్కర్లేదు. తర్వాత పెరట్లోకి వెళ్ళి రాయి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, అరచేత్తో రాయి మధ్యనుంచి అంచుదాకా తడుముతూ పోయాడు. అతని చెయ్యి వణకలేదు.

ఎవారిస్తో వెనకే నిలబడ్డాడు. క్షమించమని అడగడానికి రాత్రంతా కూర్చుకున్న మాటలు వదిలేసి పని మాట ఎత్తాడు. సోమవారం రెయినేరియో ఈ హెడ్డుని చెరకు మిల్లులో మిషను మీద చదును చేయించుకొస్తాడని, అది వచ్చాక బోల్టులు నివార్దోనే బిగించాలని, అందరినీ పిలిచి వాళ్ళ ఎదురుగా బిగించాలని చెప్పాడు. చెప్పిన కొద్దీ ఆ మాటలు ఎంత చిన్నవో అతనికే తెలిసింది.

నివార్దో రాయి పక్కనుంచి లేవలేదు.

"ఆరోజు నువ్వు అన్నాక ఇంటికి పోయి కాటా తీశాను బావా," అన్నాడు. "గొట్టానికి తగిలించి, కళ్ళు మూసుకుని లాగి, చేతికి గీత వచ్చిందనిపించగానే ఆపి కళ్ళు తెరిచి చూశాను. వందసార్లు లాగాను. వందకి వందా గీత మీదే ఉంది ముల్లు. అప్పుడు కాటా చెడిపోయిందనుకున్నాను. మర్నాడు చేపల ఆవిడ దగ్గరకి పట్టుకుపోయి తూకపు రాళ్ళు వేసి తూచాను. సరిగ్గానే ఉంది. అయితే కళ్ళు పోయాయనుకున్నాను. పక్కింటి పిల్లని పిలిచి ముల్లు చదవమన్నాను. నేను చదివిందే చదివింది." అతను రాయి మీద అరచెయ్యి మళ్ళీ ఆనించాడు. "అన్నీ చూశాను. ఒక్క నువ్వు తప్పయి ఉంటావని మాత్రం నాకు తట్టలేదు."

ఎవారిస్తో వచ్చి రాయికి అటువైపు కింద కూర్చున్నాడు.

"ఇక తప్పు రమ్ముదే అనుకున్నాను. నాకు తెలియకుండా లోపల ఏదో పాడుచేసిందనుకున్నాను. ఆ వారమే మానేశాను. చెయ్యి బాగైతే పిలుస్తావని రెండేళ్ళు చూశాను బావా. నేను మానేశానని అక్క చెప్పలేదా?"

చెప్పలేదు. నివార్దో పేరు ఎత్తవద్దని ఆ ఇంట్లో మొదట అన్నది ఎవారిస్తోనే.

పాలీక్లినిక్ మూసే వేళవుతోంది, సైకిళ్ళ కోసం జనం వస్తారు. నివార్దో లేచి మోకాళ్ళకి అంటిన మట్టి దులుపుకున్నాడు. బోల్టులు బిగించడానికి వస్తావా అని ఎవారిస్తో మళ్ళీ అడిగాడు. నివార్దో తన రెండు చేతులూ ముందుకి చాపి, అవి ఎవరివో అన్నట్టు కాసేపు చూసుకున్నాడు.

"అక్కని ఎప్పట్లాగే ఆదివారం రమ్మను," అని మాత్రం చెప్పి, బిళ్ళల జేబు చేత్తో అదిమిపట్టుకుని వీధిలోకి నడిచాడు.